ఛాతీ అయోర్టా ప్యాకేజీలో యూనిట్ల తప్పు, ట్యూబుల తప్పు, ఇవ్వకూడని భరోసా: ఫిర్యాదు

అమలాపురం

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
నాణ్యతా విభాగం అధిపతి గారికి,

విషయం: కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని మీ కలెక్షన్ సెంటర్లలో అమ్ముతున్న ఛాతీ అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) రక్తపరీక్షల ప్యాకేజీ.

అయ్యా,

గోదావరి డెల్టాలో ఫిజీషియన్లుగా, క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్లుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా పనిచేస్తున్నవాళ్ళం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మీ ప్యాకేజీలో డి-డైమర్ (రక్తపు గడ్డ కరిగేటప్పుడు పుట్టే ముక్క), ట్రోపోనిన్-ఐ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపేది), ఎంఎంపీ-9, టీజీఎఫ్-బీటా 1 (రక్తనాళం గోడ మార్పుల్లో పాలుపంచుకునే ప్రోటీన్లు) అని ఐదు పరీక్షలున్నాయి. వీటిలో నిజంగా అక్కరకొచ్చేది డి-డైమర్. దాన్ని కూడా మీరు ఇస్తున్న తీరు రోగి ప్రాణానికే ముప్పుగా ఉంది. అన్నిటికన్నా ముందు సరిదిద్దాల్సింది యూనిట్లు.

డి-డైమర్‌ను రెండు కొలతల్లో చెబుతారు. ఫైబ్రినోజెన్ (గడ్డకు మూలమైన ప్రోటీన్) బరువుకు సమానం చేసి చెప్పేది ఎఫ్‌ఈయూ, డి-డైమర్ బరువుగానే చెప్పేది డీడీయూ. ఒక డీడీయూ అంటే దాదాపు రెండు ఎఫ్‌ఈయూలు. మిల్లీలీటరుకు 500 నానోగ్రాములని అందరం చెప్పుకునే కట్-ఆఫ్ (దాటితే అనుమానించాల్సిన హద్దు) ఎఫ్‌ఈయూలో ఉన్నది. డీడీయూలో అదే 250. మీ ఒక ల్యాబులో యంత్రం ఎఫ్‌ఈయూలో, మరో ల్యాబులో డీడీయూలో ఫలితమిస్తోంది. రిపోర్టులో మాత్రం రెండింటికీ ఉత్త నానోగ్రాములనే వేస్తున్నారు. రోగి రక్తం ఆ వేళ ఏ ల్యాబుకు వెళ్ళిందో రాత్రి పన్నెండింటికి క్యాజువాలిటీలో ఉన్న డాక్టరుకు తెలిసే దారి లేదు. 400 అని కనిపిస్తే 500 లోపే కదా అనుకుంటారు. అది డీడీయూ అయితే అసలు విలువ 800. గోడ లోపలి పొర చీలిన అయోర్టాతో ఉన్న మనిషిని గ్యాస్ నొప్పి అని పాంటాప్రజోల్ ఇచ్చి ఇంటికి పంపడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

దీనికి తోడు మీ సాఫ్ట్‌వేర్ గోరుచుట్టు మీద రోకటిపోటు. యాభై దాటినవాళ్ళకు వయసును పదితో హెచ్చించి కట్-ఆఫ్ వేయడం ఊపిరితిత్తుల్లో గడ్డ అనుమానమున్న సందర్భానికి వచ్చిన పద్ధతి. అయోర్టా విషయంలో ఎక్కువ పరిశీలన జరిగింది 500 అనే స్థిరమైన కట్-ఆఫ్ మీదే. సరే, వాడారే అనుకుందాం. డీడీయూ యంత్రం మీద పదితో కాదు, అయిదుతో హెచ్చించాలి. మీరు అన్నిటికీ పదితోనే హెచ్చిస్తున్నారు. 72 ఏళ్ళ మనిషికి 720 డీడీయూ వరకు పచ్చ రంగులో ‘సాధారణం’ అని పడుతోంది. ఎఫ్‌ఈయూలోకి మారిస్తే అది 1,440. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, యంత్రం నుంచి ఏ అంకె వచ్చినా రంగు పూసి వాట్సాప్‌లో పంపేస్తోంది మీ సాఫ్ట్‌వేర్.

ఇక ట్యూబు. డి-డైమర్‌కు నీలి మూత సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ట్యూబు కావాలి. 3.2 శాతం సిట్రేట్ 0.3 మిల్లీలీటరు, రక్తం 2.7 మిల్లీలీటర్లు, అంటే ఒకటికి తొమ్మిది. గీత దాకా నిండాలి, కనీసం తొంభై శాతమైనా ఉండాలి. మీ సెంటర్లలో ఐదు పరీక్షలకూ ఒకే సిరంజితో తీసి, ముందు పసుపు మూత ట్యూబు నింపి, మిగిలింది నీలి మూతలో పోస్తున్నారు. చాలాసార్లు సగమే పడుతోంది. సగం పడితే ఏమవుతుందో లెక్క కడితే తెలుస్తుంది. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 40 శాతం ఉన్న మనిషిది 2.7 మిల్లీలీటర్ల రక్తం పడితే అందులో ప్లాస్మా (కణాలు పోగా మిగిలే ద్రవం) 1.62. దానికి 0.3 సిట్రేట్ కలిస్తే ప్లాస్మా వాటా 84 శాతం. రక్తం 1.5 మిల్లీలీటర్లే పడితే ప్లాస్మా 0.9, సిట్రేట్ అదే 0.3, వాటా 75 శాతానికి దిగుతుంది. అంటే ఫలితం తొమ్మిదో వంతు తక్కువ చూపిస్తుంది. 540 రావాల్సినచోట 480 వస్తుంది. కట్-ఆఫ్‌కు అటు ఉన్న మనిషి ఇటు వస్తాడు. పైగా సిరంజిలో నిమిషాల తరబడి ఆగిన రక్తం గడ్డకట్టడం మొదలెడుతుంది. నీలి మూత ట్యూబు ముందు నింపాలి, తర్వాతే పసుపు మూత. సీతాకోకచిలుక సూదితో తీస్తే గొట్టంలోని గాలి ట్యూబులోకి పోతుంది కాబట్టి ఒక ఖాళీ ట్యూబు ముందు పెట్టి తీసేయాలి. తీశాక మూడు నుంచి ఆరుసార్లు మెల్లగా తిప్పాలి, ఊపకూడదు. చిన్న గడ్డ కనిపించినా ఆ నమూనా పారేసి మళ్ళీ తీయాలి. ఇవేవీ కొత్త సంగతులు కావు. మీ సెంటర్ల గోడకు అంటించిన చార్టులోనే ట్యూబుల వరస ఉంది, దాని పక్కనే పని తలకిందులుగా జరుగుతోంది.

సిట్రేట్ నమూనాలో డి-డైమర్ గది వేడి మీద ఒక రోజు దాకా పెద్దగా మారదు. కాబట్టి రాజోలు నుంచి బండి మీద వచ్చే దారిలో డి-డైమర్ పాడైపోతోందని మేము అనడం లేదు. అసలు గొడవ టీజీఎఫ్-బీటా 1, ఎంఎంపీ-9లది. టీజీఎఫ్-బీటా 1 ప్లేట్‌లెట్ల లోపలి సంచుల్లో దండిగా నిల్వ ఉంటుంది. రక్తం గడ్డకడితే అది బయటికి వస్తుంది. ఎంఎంపీ-9 కూడా అంతే, గడ్డకట్టేటప్పుడు తెల్లకణాల నుంచి వెలువడుతుంది. మీరు ఈ రెండూ పసుపు మూత జెల్ ట్యూబులో, రక్తాన్ని గడ్డకట్టించాక మిగిలే సీరంలో కొలుస్తున్నారు. అప్పుడు మీరు కొలిచేది అయోర్టా గోడను కాదు, ట్యూబులో కట్టిన గడ్డను. ప్లేట్‌లెట్లు ఎక్కువున్నవాళ్ళకు ఎక్కువ, డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్ళకు తక్కువ చూపించే అంకె అది. ఎండాకాలం మధ్యాహ్నం అయిదారు గంటలు బండి డిక్కీలో కుదుపులు తిన్నదానికీ, వర్షంలో ఐస్ ముక్కలకు ఆనించి పంపినదానికీ ఒకే మనిషి రక్తంలో వేర్వేరు ఫలితాలొస్తాయి. నిజంగా కొలవదలిస్తే ప్లాస్మా తీసి, ఆలస్యం చేయకుండా, ప్లేట్‌లెట్లు దాదాపు లేకుండా రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ తిప్పి, గడ్డకట్టే చలిలో పంపాలి. ఆ ఏర్పాటు మలికిపురంలోనూ ముమ్మిడివరంలోనూ మీకు లేదు.

అంత శ్రమపడి కొలిచినా రోగికి దానితో ఒరిగేదేమీ లేదు. మార్ఫాన్ జబ్బులోనూ (అయోర్టా గోడను బలహీనపరిచే జన్యు సమస్య) అన్యూరిజంలోనూ (అయోర్టా ఉబ్బడం) టీజీఎఫ్-బీటా, ఎంఎంపీలు పరిశోధకులు చూస్తున్న అణువులే. కానీ ఆ అంకె చూసి ఒక మనిషికి ఆపరేషన్ చేద్దామా, ఆగుదామా అని ఎవరూ నిర్ణయించరు. నిర్ణయించేది అయోర్టా వెడల్పు. జన్యు సమస్య లేనివారికి పైకెక్కే అయోర్టా 5.5 సెంటీమీటర్లు దాటితే, మార్ఫాన్ ఉంటే 5 దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది. ఎంత వేగంగా పెరుగుతోందో, ఇంట్లో ఎవరికైనా చీలిందో కూడా చూస్తారు. ఇవన్నీ తెలిసేది ఎకోలో, సీటీలో, ఎంఆర్ఐలో.

మీ కరపత్రం మాత్రం “ఒక్క రక్తపరీక్షతో మీ అయోర్టా భద్రమో కాదో తెలుసుకోండి” అంటోంది. భీమవరం, పాలకొల్లు, నరసాపురం సెంటర్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు, బీపీ ఉన్నవాళ్ళకు, తండ్రికి అన్యూరిజం ఉందని భయపడే కొడుకులకు దీన్నే చూపించి అమ్ముతున్నారు. ఈ ప్రాంతంలో ఏటిగట్టు సంగతి తెలియనివారుండరు. గండి పడ్డాక నీళ్ళలో మట్టి కనిపిస్తుంది. గట్టు లోపల గుల్లబారుతుంటే నీళ్ళ రంగు చూసి చెప్పలేం, గట్టు మీద నడిచి చూడాలి. డి-డైమర్ ఆ మట్టి లాంటిది. గోడ చీలి, చీలికలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కరుగుతుంటే పుట్టే ముక్క అది. నొప్పి లేకుండా నెమ్మదిగా ఉబ్బుతున్న అయోర్టా ఉన్నా డి-డైమర్ మామూలుగానే ఉండొచ్చు. ‘సాధారణం’ అని చదువుకున్న కొడుకు ఇక ఎకో ఎందుకు చేయించుకుంటాడు?

చీలిందని అనుమానమున్నప్పుడు కూడా డి-డైమర్ ఒంటరిగా పనిచేయదు. ముందు మూడు సంగతులు చూసి స్కోరు వేయాలి: రోగికి మార్ఫాన్, తెలిసిన అన్యూరిజం, ఇంట్లో అయోర్టా జబ్బు లాంటివి ఉన్నాయా, నొప్పి ఒక్కసారిగా, విపరీతంగా, చీల్చినట్టు వచ్చిందా, రెండు చేతుల బీపీలో తేడా, అందని నాడి, గుండె చప్పుడులో కొత్తగా వినిపించే హోరు (మర్మర్), షాక్, నొప్పితో పాటు చెయ్యో కాలో పడిపోవడం ఉన్నాయా. ఒక్కో విభాగానికి ఒక్కటి చొప్పున సున్నా నుంచి మూడు. 2018లో అచ్చయిన అడ్వైజ్డ్ అధ్యయనంలో 1,850 మందిని చూశారు. స్కోరు సున్నా గానీ ఒకటి గానీ ఉండి, డి-డైమర్ 500 లోపు ఉన్న 924 మందిలో ముగ్గురికి జబ్బు దొరక్కుండా పోయింది. ఇది మంచి ఫలితమే, కానీ స్కోరుతో కలిపి వచ్చినది. స్కోరు రెండు, మూడు ఉంటే డి-డైమర్ కోసం ఆగకూడదు, నేరుగా సీటీ యాంజియోకు (రక్తనాళాల సీటీ స్కాన్) పంపాలి. అన్యూరిజం ఉందని ముందే తెలిసిన మనిషికి చీల్చినట్టు నొప్పి వస్తే అక్కడికే రెండయ్యాయి. చీలిక పొట్టిగా ఉన్నా, రక్తం గోడ లోపలే గడ్డకట్టి ఆగినా, నొప్పి మొదలై రోజులు గడిచినా, గడ్డకట్టకుండా మందులు వాడుతున్నా డి-డైమర్ తక్కువ రావచ్చు. ఇంకోవైపు నిండు గర్భం, జ్వరం, క్యాన్సర్, ఈమధ్య జరిగిన ఆపరేషన్, ముసలితనం, అన్నిటిలోనూ పెరుగుతుంది. అందుకే మీ ఎర్ర రంగు రిపోర్టు పట్టుకుని ఒంట్లో ఏమీ లేని పెద్దవాళ్ళు సీటీకి వరస కడుతున్నారు. ఆ సీటీకి ఎక్కించే మందుతో కిడ్నీకి వచ్చే చిక్కు మీ ధరల పట్టికలో కనిపించదు.

రిపోర్టు అడుగున తనంతట తానే పడే వ్యాఖ్య గురించి కూడా. ట్రోపోనిన్, డి-డైమర్ రెండూ పెరిగితే “గుండెపోటు సూచన, వెంటనే చికిత్స” అని వేస్తున్నారు. చీలిక గుండె రక్తనాళం మూలాన్ని నొక్కితే ట్రోపోనిన్ పెరుగుతుంది, ఈసీజీ కూడా గుండెపోటులాగే ఉంటుంది. ఆ మనిషికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. యంత్రం ఆ మాట రాయకూడదు. ఆ వ్యాఖ్య ఈరోజే తీసేయండి.

సమయం సంగతి. పొద్దున పదింటికి తీసిన రక్తం సాయంత్రానికి రాజమహేంద్రవరం, రాత్రికి హైదరాబాదు బస్సు, మర్నాడు యంత్రం, ఆ సాయంత్రం రిపోర్టు. పైభాగం చీలిన అయోర్టాకు తొలి రెండు రోజుల్లో గంట గంటకూ ప్రాణహాని పెరుగుతుంది. డి-డైమర్‌ను ఆసుపత్రి ల్యాబులో గంటలోపు చేయగలిగితేనే అయోర్టా విషయంలో దానికి అర్థముంది. ఛాతీనొప్పితో వచ్చినవాళ్ళ నమూనా మీ సెంటర్లలో తీసుకోకుండా, 108కి ఫోన్ చేయించి సీటీ ఉన్న ఆసుపత్రికి పంపమని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి.

మేము అడుగుతున్నవి ఇవి. పదిహేను రోజుల్లో అన్ని శాఖల డి-డైమర్‌నూ ఎఫ్‌ఈయూలోకి మార్చి, యూనిట్ పేరు పూర్తిగా, కిట్ తయారీదారు ఇచ్చిన కట్-ఆఫ్‌తో సహా వేయండి. వయసు లెక్క తీసేయండి. డీడీయూ యంత్రాల నుంచి గత ఆరు నెలల్లో వెళ్ళిన రిపోర్టుల్లో 250 దాటినా ‘సాధారణం’ అని పడినవన్నీ వెతికి, ఆ రోగులకూ పంపిన డాక్టర్లకూ ఫోన్ చేసి సవరించిన రిపోర్టు ఇవ్వండి. ఇది ఖర్చుతో కూడిన పని, అయినా తప్పదు. టీజీఎఫ్-బీటా, ఎంఎంపీ-9లను ప్యాకేజీ నుంచి తొలగించి, ఇప్పటికే కట్టినవాళ్ళకు ఆ రెండింటి సొమ్ము వెనక్కివ్వండి. సగం నిండిన నీలి మూత ట్యూబు వస్తే ల్యాబు తిరస్కరించాలి, తిరస్కరించిన లెక్క నెలనెలా మాకు పంపాలి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్ళవాతంలో పెరిగే యాంటీబాడీ) ఎక్కువున్నవాళ్ళలోనూ, కొవ్వుతో పాలలా తెల్లబడ్డ ప్లాస్మాలోనూ వచ్చే తప్పుడు ఫలితాలను మీ పాథాలజిస్టు సంతకం ముందు చూడాలి. డి-డైమర్ కొలిచే లేటెక్స్ రీఏజెంట్ (పరీక్ష రసాయనం) ఒకసారి చలికి మంచులా గడ్డకడితే పనికిరాదు. మీ ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రత రికార్డులు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉన్నాయో లేదో, కరెంటు పోయిన రోజులతో సహా చూపించండి.

ఈ గడువులో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఈ కరపత్రం జతచేసి ఫిర్యాదు పంపుతాం. మీ ల్యాబులకు అక్రెడిటేషన్ (నాణ్యతా గుర్తింపు) ఇచ్చిన సంస్థకూ ఒక ప్రతి వెళుతుంది.

జతచేసినవి: కరపత్రం ఒకటి, పేర్లు కొట్టేసిన రిపోర్టులు, యూనిట్ లేనివి, వయసు లెక్క వేసినవి, ట్యూబు నింపుదల లెక్క ఒక పేజీ. పాత కరపత్రాల కట్టలు ఇంకా సెంటర్ల బల్లల మీద ఉన్నాయి. మీ శాంపిల్ కుర్రాడు రేపు వచ్చేటప్పుడు వాటిని తీసుకెళ్ళేలా చెప్పండి.

ఇట్లు,
గోదావరి డెల్టా వైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు