కంకరైపోతున్న దిక్సూచి

సంపాదకులకు నమస్కారం.

రాజమహేంద్రవరం పక్కన కాతేరులోను, గోదావరికి అవతల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపున ఉన్న నల్లరాతి క్వారీల ప్రస్తావన వస్తే దుమ్ము, పేలుళ్లు, లారీల రద్దీ గురించే మాట్లాడుకుంటాం. అవి న్యాయమైన ఫిర్యాదులే. అయితే అక్కడ మరొక నష్టం కూడా జరుగుతోంది. దాని గురించి ఎవరూ నోరు విప్పడం లేదు కనుకనే ఈ ఉత్తరం.

డిగ్రీ కళాశాలలో జియాలజీ బోధించి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏటా విద్యార్థులను ఒక క్వారీకి తీసుకెళ్లి ఒకే గోడ ముందు నిలబెట్టేవాణ్ని. కింద ఒక లావా పొర (గడ్డకట్టిన లావాయే ఈ నల్లరాయి), దానిమీద గవ్వలు, ఆలుచిప్పల శిలాజాలతో పాలిపోయిన సున్నపురాతి పట్టీ, ఆ పైన మళ్లీ లావా. ఇటీవల వెళ్లి చూస్తే ఆ గోడ లేదు. గోతిలో నీళ్లు నిలిచి ఉన్నాయి.

గోడ పోతే ఏం పోయింది, అదే రాయి పక్కన బోలెడంత ఉంది కదా అని నాతో వచ్చిన మిత్రుడు అడిగాడు. ఆయనకు చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు, వేడి సుమారు 580 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు దిగాక, అప్పటి భూ అయస్కాంత క్షేత్రం ఎటు ఉంటే అటే అయస్కాంతత్వాన్ని పొంది స్థిరపడతాయి. స్వేచ్ఛగా వేలాడదీసిన అయస్కాంత సూది భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా నిలుస్తుంది, ధ్రువాల దగ్గర నిలువుగా నిలబడుతుంది. మధ్యలో ఎంత వాలితే అది అక్షాంశానికి కొలత. అంటే ఆ రాయి పుట్టిన చోటు భూమధ్యరేఖకు ఎంత దూరంలో ఉండేదో ఆ రాయిలోనే రాసి ఉంటుంది. రేఖాంశం మాత్రం అది చెప్పదు. దానికి వేరే ఆధారాలు వెతుక్కోవాలి.

మన దగ్గర ఇప్పుడు సూది ఉత్తరపు కొన కొద్దిగా కిందికి వాలుతుంది. దక్కన్ పీఠభూమిని కప్పిన సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లనాటి లావాల్లో, అయస్కాంత ధ్రువాలు తారుమారు కాకుండా ఇప్పటిలాగే ఉన్న కాలంలో గడ్డకట్టిన పొరల్లో, అదే కొన వాయవ్యానికి తిరిగి నలభై డిగ్రీలకు పైగా ఆకాశం వైపు లేచి ఉంటుంది. కొన పైకి లేచిందంటే ఈ నేల అప్పుడు దక్షిణార్ధగోళంలో ఉంది. లెక్క కడితే సుమారు ముప్పై డిగ్రీల దక్షిణ అక్షాంశం, అంటే దక్షిణాఫ్రికాలోని డర్బన్ ఇప్పుడున్నంత దక్షిణాన. అక్కడి నుంచి దాదాపు ఐదు వేల కిలోమీటర్లు ఉత్తరానికి వచ్చి, వస్తూ వస్తూ అపసవ్యంగా కొంత తిరిగి, ఆసియాను ఢీకొని హిమాలయాలను లేపింది మన భూభాగం. ఖండాలు కదిలాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లో అంటే పెద్దలు చాలామంది కొట్టిపారేశారు. 1950ల తొలినాళ్లలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ ప్రోద్బలంతో దక్కన్ రాళ్లు కేంబ్రిడ్జికి చేరాయి. వాటిని కొలిచిన ఎడ్వర్డ్ ఇర్వింగ్ అనే యువ పరిశోధకుడికి భారతదేశం ఉత్తరానికి జరిగిందని అర్థమైంది. ఆయన సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయం తిరస్కరించింది. రాళ్ల సాక్ష్యమే చివరికి నెగ్గింది. ఆ సాక్ష్యంలో మన దేశపు రాయికి అంత వాటా ఉందని విద్యార్థులకు చెప్పిన ప్రతిసారీ నా గొంతు మారేది.

మన గోదావరి తీరపు గోడలో ఇంకో విశేషం ఉంది. కింది లావా గడ్డకట్టినప్పుడు భూమి ఉత్తర దక్షిణ అయస్కాంత ధ్రువాలు తారుమారై ఉన్నాయి. పై లావా వచ్చేసరికి ఇప్పటిలా సర్దుకున్నాయి. ఆ రెంటి మధ్య గడిచిన కాలమే గవ్వల పట్టీ. ఈ అయస్కాంత గుర్తులు, రసాయనిక కూర్పు, వయసు కలిపి చూసి, పశ్చిమ కనుమల ప్రాంతంలో పొంగిన లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి ఇక్కడికి చేరిందని శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ప్రపంచంలో ఇంత దూరం పారిన లావా ప్రవాహాలు బహు అరుదు.

ఇక నా మిత్రుడి ప్రశ్న. రాయి తన చోట తాను ఉన్నంతవరకే అందులోని దిక్కుకు విలువ. పేల్చి లారీలోకి ఎత్తాక ఏ ముఖం ఉత్తరానికి ఉండేదో ఎవరు చెప్పగలరు? అందుకే పరిశోధకులు రాతిని కదలనివ్వకుండా, వేలంత లావు నమూనాను డ్రిల్లుతో తొలిచి, బయటికి తీయకముందే దానిమీద దిక్కు గుర్తిస్తారు. నల్లరాయి మామూలు దిక్సూచిని తప్పుదోవ పట్టిస్తుంది కనుక ఎండను బట్టి దిక్కు చూసే పరికరం వాడతారు. మ్యూజియంలో దిక్కు తెలియని రాయిని పెట్టుకుంటే ఈ పనికి అక్కరకు రాదు.

క్వారీలు మూసేయమని నేను అడగడం లేదు. పైకి కనబడే రాయి వానకు, ఎండకు చెడిపోయి, పిడుగులు పడి పాత అయస్కాంతత్వం చెదిరిపోయి ఉంటుంది. తాజా రాయిని చూపించినది క్వారీయే. ఆ మేలు ఒప్పుకుంటూనే అడుగుతున్నాను: అన్నిటినీ అడుగుదాకా తవ్వేయకుండా, రెండు లావా పొరలూ మధ్య పట్టీ స్పష్టంగా కనిపించే ఒకటి రెండు గోడలను వదిలేయలేమా? తిరుమల శిలాతోరణాన్ని, మంగంపేట బెరైటీస్ ఖనిజ నిక్షేపాన్ని, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తించింది. అవన్నీ మన రాష్ట్రంలోనివే.

చిత్తూరు, అనంతపురం ప్రాంతాల్లో నల్ల గ్రానైట్ పేరుతో కోసి అమ్ముతున్న రాయిలో ఎక్కువ భాగం నిజానికి డైకులు, అంటే భూమి పగుళ్లలోకి ఎగదన్ని గడ్డకట్టిన నల్లరాతి గోడలు. దక్షిణ భారతంలో అలాంటి కొన్ని డైకుల వయసు 237 కోట్ల ఏళ్లు. వాటి అయస్కాంతత్వాన్ని బట్టి మన నేల అప్పుడు ధ్రువానికి చేరువలో ఉండేదని తేల్చారు. వంటింటి గట్టుకు ఆ రాయి వాడుకుంటే తప్పులేదు, కానీ ఒక డైకు పూర్తిగా తరిగిపోకముందే దాని నమూనాలు దిక్కుతో సహా తీసి ఉంచాలి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలో ఈ విద్య తెలిసినవారు ఉన్నారు. లీజు ఇచ్చేటప్పుడు, ముగిసేటప్పుడు గనుల శాఖ వారికి కబురు పంపే నిబంధన ఒకటి చాలు. ఒక డైకుకు కొన్ని రోజుల పని.

భూవారసత్వ స్థలాల పరిరక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది. దానికోసం ఎదురుచూడకుండా తూర్పు గోదావరి జిల్లా యంత్రాంగం ఈ వేసవిలోనే ఒక జియాలజిస్టును పంపి, మిగిలిన క్వారీ గోడలను చూపించి, వాటిలో ఒకదాని చుట్టూ కంచె వేయించాలని కోరుతున్నాను. అవసరమైతే వెంట వచ్చి చూపించడానికి నేను సిద్ధం.

ఇట్లు,
విశ్రాంత జియాలజీ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం