కర్నూలు రోడ్డు పక్క గాలి: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ సంఘం పని చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి వైపు వెళ్లే కర్నూలు రోడ్డు మీద లేచే దుమ్మూ పొగా మన ఇళ్లలోకి ఎంత వస్తున్నాయి, వాటిని ఎక్కడ ఆపగలం అన్నదే ఆ విషయం. పార్కు, డ్రైన్ల సంగతులు చివర్లో రెండు ముక్కల్లో ఉన్నాయి. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం.

ఏడాది పొడవునా చూశాక మాకు తేలిందేమిటో ముందే చెప్పేస్తాం. మన దగ్గర బాధ పొగ వల్ల కన్నా దుమ్ము వల్లే ఎక్కువ. ఆ దుమ్ములోనూ పెద్ద వాటా లారీలో నుంచి అప్పటికప్పుడు రాలేది కాదు. రోడ్డు అంచున ముందే పేరుకుని ఉండి, టైర్లు తొక్కిన ప్రతిసారీ పైకి లేచేది. సైలెన్సర్ పొగను ఆపడం మన చేతుల్లో లేదు. అంచున పేరుకున్న మట్టిని మాత్రం పారతో ఎత్తెయ్యగలం.

జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. ప్రమాణాలు అందుకోలేని ఊళ్ల జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఉన్నాయి, వాటిలో ఒంగోలు, నెల్లూరు రెండూ ఉన్నాయి. మన దేశ ప్రమాణాలు 2009లో పెట్టినవి. పీఎం 10 (మిల్లీమీటరులో వందో వంతు, అంతకన్నా చిన్న కణాలు) అయితే 24 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 60 దాటకూడదు. పీఎం 2.5 (అందులో నాలుగో వంతు సైజు లోపు సన్న కణాలు) అయితే 24 గంటలకు 60, ఏడాదికి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 ఏడాది సగటును 5కి దించింది. అంటే మన ప్రమాణం లోపల ఉన్నంత మాత్రాన గాలి బాగున్నట్టు కాదు.

ఫోన్లలో కనిపించే గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) గురించి చాలామంది సభ్యులు అడిగారు. ఒకే గాలికి ఒక యాప్ 100 చూపిస్తే ఇంకోటి 150 దాటించి చూపిస్తుంది. రెండూ అబద్ధం కావు. పీఎం 2.5 60 మైక్రోగ్రాములుంటే మన దేశపు సూచీలో అది 100, అమెరికా సూచీలో 150 పైన. యాప్ ఏ దేశపు లెక్క వాడుతోందో చూడకుండా వాట్సాప్ గ్రూపులో అంకె పెట్టవద్దని మనవి. వీలైతే సూచీ కాకుండా మైక్రోగ్రాముల్లోనే రాయండి.

సెన్సర్లు

గాలిలోని కణాలు కొలిచే పెట్టెలు మూడు చోట్ల పెట్టాం: రోడ్డును ఆనుకున్న దుకాణం చూరు కింద, రెండో వీధిలో ఒక ఇంటి గోడకు, కాలనీ చివర పార్కు పంపు గదికి. ఒక్కో పెట్టెలో లేజర్ సెన్సర్, తేమా వేడీ కొలిచే చిన్న ముక్క, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంటాయి. కరెంటు ఫోను ఛార్జరు నుంచి వస్తుంది. సెన్సర్‌లోని ఫ్యానుకు 5 వోల్టులు కావాలి. పొరపాటున 3.3 వోల్టుల పిన్నుకు కలిపితే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కానీ నెమ్మదిగా తిరుగుతుంది, అంకె తప్పుతుంది. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది కాబట్టి ఈ తప్పు పట్టుకోవడం కష్టం.

పెట్టె నేల నుంచి రెండున్నర, మూడు మీటర్ల ఎత్తులో ఉండాలి. గాలి లోపలికి పోయే రంధ్రం కిందికి చూడాలి. లోపలికి పోయే దారికీ బయటికి వచ్చే దారికీ మధ్య అట్టముక్కతోనైనా అడ్డు కట్టాలి. లేకపోతే వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. వంటింటి కిటికీ, టీ బంకు పొయ్యి, చెత్త తగలబెట్టే మూల దగ్గర్లో ఉండకూడదు. గోడకు బిగించే ముందు మూడు పెట్టెలనూ ఒకే డాబా మీద పక్కపక్కనే వారం రోజులు నడిపి, ఏది ఎంత ఎక్కువ చూపిస్తోందో, ఏది ఎంత తక్కువ చూపిస్తోందో రాసుకున్నాం. ఆరు నెలలకు దించి మళ్లీ అదే పని చేశాం. ఇది చేయకుండా రోడ్డు దగ్గర ఇంత, పార్కు దగ్గర ఇంత అని పోల్చడంలో అర్థం లేదు. ఆ తేడా గాలిదో పెట్టెదో తెలియదు.

ఆగస్టులో రోడ్డు వైపు పెట్టె రాత్రీ పగలూ ఒకే ఎత్తున అంకె చూపించడం మొదలుపెట్టింది. లారీలు లేని వేళా అంతే, వాన పడ్డాకా అంతే. విప్పి చూస్తే రంధ్రం లోపల వెంట్రుక కన్నా సన్నటి సాలెగూడు, దాని మధ్యలో ఆవగింజంత సాలీడు. లేజర్ కాంతికి దారం అడ్డుపడితే సెన్సర్ దాన్నీ దుమ్ము కిందే లెక్కేస్తుంది. కెమెరా లెన్సు తుడిచే రబ్బరు బుడ్డితో ఊది శుభ్రం చేశాం. నోటితో ఊదవద్దు, తుంపర లోపల అంటుకుంటుంది. తర్వాత రంధ్రానికి ఒక మిల్లీమీటరు కన్నాల స్టీలు జాలీ వేశాం. అంతకన్నా సన్న జాలీ అయితే రోడ్డు దుమ్ముకు త్వరగా పూడిపోతుంది.

తేమతో వచ్చే చిక్కు ఇంతకన్నా పెద్దది. కొత్తపట్నం తీరం మనకు దగ్గరే. సముద్రపు ఉప్పు కణాలు తేమను పీల్చి ఉబ్బుతాయి. గాలిలో తేమ 80 శాతం దాటితే ఈ రకం సెన్సర్లు ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు కనిపించిన అంకెలు చూసి కొందరు సభ్యులు భయపడ్డారు. అందులో కొంత నిజమే, ఆ వేళ గాలి కదలక పొగ కిందే నిలిచిపోతుంది. కొంత మాత్రం నీటి బిందువుల పని. అందుకే తేమ 80 దాటిన గంటలను సగటులో కలపకుండా విడిగా రాశాం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: ఈ సెన్సర్లు పీఎం 10 అంటూ చూపించే అంకెను నమ్మవద్దు. సన్న పొగను ఇవి బాగానే పట్టుకుంటాయి. లారీ టైరు లేపే బరువు మట్టి రేణువులు ఆ చిన్న ఫ్యాను గాలికి మలుపు తిరిగి లోపలికి రావు. వచ్చినా సెన్సర్ చాలావరకు లెక్కపెట్టలేదు, సన్న కణాలను బట్టి అంచనా కడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఇంటి ముందు బండి సీటు మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము పడుతుంటే తెర మీద మాత్రం గాలి బాగుందని వచ్చేది ఇందుకే.

దుమ్ము జాడీలు

రాలే దుమ్మును కొలవడానికి పాత పద్ధతే మేలనిపించింది: మూత లేని జాడీ పెట్టి 30 రోజులకు తూకం వేయడం. 20 సెంటీమీటర్ల మూతి, దానికి ఒకటిన్నర రెట్ల పైగా లోతు ఉన్న నిలువు జాడీలను డాబాల మీద రెండు మీటర్ల స్టాండు మీద నిలబెట్టాం. అడుగున లీటరు డిస్టిల్డ్ వాటర్, నాచు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. నెల తిరిగాక ఆకులూ పురుగులూ జల్లెడ పట్టి తీసేసి, మిగిలింది ముందే ఆరబెట్టి తూచిన ఫిల్టర్ కాగితంలో వడకట్టాలి. 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, గాలి తగలని డబ్బాలో చల్లార్చి మళ్లీ తూచాలి. వేడి కాగితం తక్కువ తూగుతుంది, బయట చల్లారిన కాగితం తేమ పీల్చి ఎక్కువ తూగుతుంది. తూకానికి మిల్లీగ్రాము చూపే త్రాసు కావాలి.

లెక్క సులువే. ఆ మూతి వైశాల్యం 0.0314 చదరపు మీటర్లు. కాగితం మీద 0.2 గ్రాములు మిగిలిందనుకుంటే, చదరపు మీటరుకు నెలకు సుమారు 6.4 గ్రాములు పడ్డట్టు.

మే నెల ఫలితాలను మొత్తం కొట్టేయాల్సి వచ్చింది. లీటరు నీళ్లు ఆ జాడీలో మూడు సెంటీమీటర్ల చిల్లర ఎత్తే ఉంటాయి. ఆ ఎండకు మూడు నాలుగు రోజుల్లో ఇగిరిపోయాయి. అడుగు ఎండిన జాడీలో పడిన దుమ్మును పడమటి గాడ్పు తిరిగి ఎత్తుకుపోతుంది. వచ్చే వేసవిలో రెండు రోజులకోసారి నీళ్లు పోయాలి. మరో రెండు జాడీలు కాకుల వల్ల పాడయ్యాయి. మూతి చుట్టూ నిలబెట్టిన తీగలు వేశాక కాకులు వాలడం మానాయి.

ఈ జాడీల్లో తేలిన తేడా స్పష్టంగా ఉంది. రోడ్డు అంచున పడేది రెండో వీధిలో పడేదాని కన్నా చాలా ఎక్కువ, పార్కు దగ్గరికి వెళ్లేసరికి ఇంకా తగ్గింది. సన్న కణాలు మాత్రం మూడు చోట్లా దాదాపు ఒకేలా నడిచాయి. అవి ఊరంతా పరుచుకునేవి, బరువు దుమ్ము మన వాకిట్లో పుట్టేది.

కాగితం మీద మిగిలింది బూడిదరంగు పొడి, అందులో నల్లటి మెత్తటి పోగులు. ఆ పోగులు టైరు రబ్బరులా ఉన్నాయి. అయస్కాంతం తిప్పితే కొన్ని రేణువులు అంటుకున్నాయి. అదంతా బ్రేకుల నుంచి రాలిన ఇనుమేనని కొందరు సభ్యులన్నారు కానీ అలా తేల్చలేం. చీమకుర్తి క్వారీల్లో తీసే గెలాక్సీ అనే నల్ల రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి. ఆ జాతి రాళ్లలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం మామూలే, దానికీ అయస్కాంతం అంటుతుంది.

రోడ్డు మీద చేసిన పని

వారానికి రెండు రోజులు, లారీల రద్దీ మొదలు కాకముందు ఉదయం 5 గంటలకు, పారిశుద్ధ్య కార్మికులతో కలిసి అంచులు ఎత్తించాం. వరుస ముఖ్యం. ముందు అంచున గట్టిపడిన మట్టిని చదును పారతో గీకాలి. దుమ్ము లేవకుండా ఉండేంత మటుకే నీళ్లు చిలకరించాలి. ఆ తర్వాత ఊడ్చి, అప్పటికప్పుడే సంచుల్లోకి ఎత్తాలి. మొదట్లో కుప్పలు చేసి సాయంత్రం ట్రాక్టరు వస్తుందని వదిలేశాం. మధ్యాహ్నానికి సగం కుప్ప మళ్లీ రోడ్డెక్కింది. మట్టి తీయకుండా ట్యాంకరు నీళ్లు మాత్రమే చల్లడం ఇంకా నష్టం. అది బురదై టైర్లకు అంటి వంద గజాలు పాకుతుంది, ఎండాక అంతమేరా దుమ్మే. ఎత్తిన మట్టిని డ్రైన్లలో వేయలేదు. పార్కులో పల్లం పూడ్చి పైన గడ్డి నాటాం.

ఊడ్చేవాళ్లకు ఎన్95 మాస్కులు ఇచ్చాం. ముఖానికి చుట్టుకునే తువాలు సన్న దుమ్మును ఆపదు. మన వీధి శుభ్రం కోసం వాళ్ల ఊపిరితిత్తులు పాడవడం ఎవరికీ సమ్మతం కాదు. ఈ ఖర్చును ఏ ఏడూ తగ్గించవద్దని కార్యవర్గం గట్టిగా కోరుతోంది.

తారు అంచుకూ డ్రైనుకూ మధ్య మట్టి మార్జిన్ ఉన్నంత కాలం ఊడ్చిన మర్నాడే దుమ్ము తిరిగొస్తుంది. రెండు దుకాణాల ముందు సిమెంటు బిళ్లలు పరిచి చూశాం. ఖర్చు చూసుకుని 60 మిల్లీమీటర్ల మందం బిళ్లలు ఎంచుకున్నది మనమే. టిప్పరు వెనక చక్రం ఎక్కేసరికి అవి పగిలాయి. బళ్లు ఎక్కే చోట 80 మిల్లీమీటర్లవే వేయాలి. కింద గట్టిగా దిమ్మిస చేసిన కంకర, దాని మీద మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఇసుక పరుపు, అంచున కాంక్రీటు కట్టు ఉండాలి. కట్టు లేకపోతే బిళ్లలు పక్కకు జరిగి సందుల్లో ఇసుక లేచిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

కంకర, క్రషర్ డస్ట్, ఇసుక తోలే టిప్పర్ల యజమానులతో మాట్లాడాం. పైన పట్టా కట్టడం చాలామంది చేస్తున్నారు. రాలేది ఎక్కువగా వెనక తలుపు అడుగు సందులోంచి. అక్కడ మడిచిన గోనె సంచి పెట్టి తలుపు బిగిస్తే చాలావరకు ఆగుతుంది. లోడు తొట్టి అంచుకు జానెడు కిందే ఆపాలి. గోనె సంచికి ఒప్పుకున్నారు, లోడు తగ్గించడానికి ఇంకా ఒప్పుకోలేదు.

స్పీడు బ్రేకర్లు అడగమని కొందరు సభ్యులు పట్టుబట్టారు. వేగం తగ్గితే దుమ్ము తగ్గుతుంది, నిజమే. కానీ లోడు లారీ బ్రేకు వేసి మళ్లీ గేరు మార్చి లాగే ప్రతిచోటా నల్ల పొగ వదులుతుంది, బ్రేకు పొడి రాలుతుంది. అందుకని అధికారులకు పెట్టిన అర్జీలో స్పీడు బ్రేకర్ రాయలేదు, మార్జిన్ పూర్తిగా కట్టించమని రాశాం.

సభ్యుల బళ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్ చూసుకోండి. బీఎస్ 4 (భారత్ స్టేజ్ 4 పొగ ప్రమాణం), ఆ తర్వాతి బళ్లకు ఏడాది, అంతకు ముందువాటికి ఆరు నెలలే చెల్లుతుంది. డీజిలు బండి ఎయిర్ ఫిల్టరు పూడిపోతే నల్ల పొగ వస్తుంది. ఈ రోడ్డు మీద తిరిగే బళ్లకు కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే ఫిల్టరు మార్చుకోవాలి.

మొక్కల విషయంలో కానుగ, టేకోమా నాటాం. కోనోకార్పస్ వద్దనుకున్నాం, దాని వేళ్లు డ్రైన్లలోకి పాకుతాయి. గన్నేరు దుమ్మును తట్టుకుంటుంది కానీ పశువులకు విషం, మన వీధుల్లో ఆవులు తిరుగుతాయి. కంచెలా నేల నుంచే గుబురుగా పెరిగితేనే మొక్క దుమ్మును ఆపుతుంది. కింద కొమ్మలు నరికేయవద్దు.

పార్కు పంపు మోటారు రీవైండింగ్ అయింది. రెండో వీధి డ్రైను పూడిక తీయించాం.

వచ్చే ఏడాదికి

మార్జిన్ కట్టే పని మొదలయ్యే లోపే కనీసం మూడు నెలల జాడీ తూకాలు చేతిలో ఉండాలి. లేకపోతే పని తర్వాత ఎంత తగ్గిందో చెప్పలేం. ఇప్పుడున్న నాలుగు జాడీలకు మరో రెండు కావాలి, రోడ్డుకు అవతలి వైపు డాబా ఉన్న సభ్యులు ముందుకు రావాలి. నెలకోసారి జాడీ దించి, వేసవిలో రెండు రోజులకోసారి నీళ్లు పోసే ఓపిక ఉంటే చాలు. లారీల లెక్కకు ఇద్దరు కావాలి: గంటకు 15 నిమిషాల చొప్పున ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు గీతలు గీయడం, వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చించడం. భోగి మంటల్లో పాత టైర్లు వేయకుండా చూసే బాధ్యతను ఒక్కో వీధికి ఒక్కరు తీసుకోండి. పేర్లు సర్వసభ్య సమావేశం రోజునే రాసుకుంటాం.