నయా ఖిల్లా తోట, దాని ఫౌంటెన్లు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు గోల్కొండ నయా ఖిల్లా తోట చుట్టూనే సాగింది. 1656లో ఔరంగజేబు ముట్టడి ముగిశాక అబ్దుల్లా కుతుబ్ షా కోటను పొడిగించి కట్టించిన భాగమే నయా ఖిల్లా. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయింది. కాలక్రమంలో తోట మట్టిలో కలిసింది. కేంద్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో నీటి కాలువలు, తేటనీటి తొట్లు, నడక బాటలు, ఫౌంటెన్ల ఆనవాళ్లు బయటపడ్డాయి.

నీళ్లు చిమ్మే చోటు ఒక్కటే ఫౌంటెన్ కాదని మనం గట్టిగా చెప్పాలి. మోటార్లు లేని కాలమది. ఎత్తున ఉన్న తొట్టిలో నీళ్లు తేరుకుని, మూసిన గొట్టంలో పల్లానికి దిగి, ఇరుకు రంధ్రంలోంచి పైకి లేచేవి. తొట్టి ఎత్తును బట్టే ధార ఎత్తు. మధ్యలో గొట్టం పగిలినా, తొట్టి కూలినా, పల్లం చదునైపోయినా ధార ఆగిపోతుంది. అందుకే తొట్టి నుంచి రంధ్రం దాకా ఉన్న నీటి దారి మొత్తాన్ని కొలిచి పటం గీయాలని, అది పూర్తికాకుండా కొత్త పంపులు బిగించవద్దని శాఖకు వినతిపత్రం ఇచ్చాం. చుట్టూ దీపాలు, పచ్చిక తర్వాతైనా పెట్టుకోవచ్చు. చెరిగిపోయిన వాలు మాత్రం మళ్లీ దొరకదు.

బడి పిల్లలతో చేసిన నడక ఈ ఏటి కార్యక్రమాల్లో అన్నిటికన్నా బాగా జరిగింది. సీసాకు సన్న గొట్టం తగిలించి ఇచ్చాం. సీసా పైకెత్తిన కొద్దీ ధార లేవడం చూసి, ‘మరి ఇక్కడ తొట్టి ఎక్కడుండేది?’ అని వాళ్లే వెతకడం మొదలుపెట్టారు. పక్కనే ఉన్న హతియాన్ కా ఝాడ్ అనే మహావృక్షం దగ్గరికి వెళ్లేసరికి ఎండ ముదిరింది.

కాలువల్లో పూడిక మనమే తీద్దామని కొందరు సభ్యులు ముందుకొచ్చారు. వారి ఆరాటం అర్థమైంది. కానీ ఇది రక్షిత కట్టడం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా పార వేయకూడదు. పాత గొట్టానికి ఒక్క దెబ్బ చాలు. బయటి దారిలో చెత్త ఏరే పని మాత్రం కొనసాగుతుంది.

జమాఖర్చులు విడిగా జతచేశాం. వచ్చే వానాకాలంలో, శాఖ అనుమతిస్తే, నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి ఫొటోలు తీయాలి. రాగలిగిన వారు కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. మీ ఇళ్లలో ఆ ప్రాంతపు పాత ఫొటోలుంటే అవీ తీసుకురండి.