బెయిలొచ్చినా బయటికి రాలేనివాళ్ల సంగతి

ఎడిటర్ గారికి నమస్కారం,

కోర్టు బయట చెట్టు కింద టైపు మిషన్ పెట్టుకుని చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి, బెయిల్ పిటిషన్లు ఎన్ని కొట్టానో లెక్కలేదు. ఇంజనీరింగ్ చదివే మా మనవడు మొన్న కయాస్ థియరీ గురించి, అంటే మొదట్లో చిన్న తేడా చివరికి అంతా మార్చేయగలదనే సిద్ధాంతం గురించి చెప్పాడు, అప్పట్నుంచి అదే ఆలోచన.

1961లో అమెరికాలో లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త పాత లెక్కని కంప్యూటర్లో మళ్లీ నడిపిస్తూ, .506127 ఉండాల్సిన చోట .506 అని కొట్టాడంట. సూత్రాలు అవే, మిషన్ అదే, కానీ పోనుపోను రెండు లెక్కలకీ పొంతనే లేకుండా పోయింది. అదృష్టం, ఖర్మ అని ఏమీ లేదు అందులో, అంతా రూల్ ప్రకారమే నడిచింది, మొదట్లో వదిలేసిన ఆ చిన్న అంకెలే మొత్తం మార్చేశాయి.

బెయిల్ దగ్గర నేను చూసింది అచ్చం ఇదే సార్. ఒకే గొడవలో ఇద్దరు కుర్రాళ్లు, అవే సెక్షన్లు, ఒకే రోజు బెయిలొచ్చింది. ఒకడికి మేనమామ ఇంటి పన్ను రసీదు పట్టుకొచ్చి ష్యూరిటీ నిలబడ్డాడు, సాయంత్రానికి ఇంట్లో అన్నం తిన్నాడు. రెండోవాడు పక్క రాష్ట్రం నుంచి సెంట్రింగ్ పనికొచ్చాడు, ఈ ఊళ్లో జామీనుండేవాళ్లే లేరు, ఆర్డరొచ్చినా నెలల తరబడి లోపలే. ఈలోపు మేస్త్రి వేరేవాణ్ణి పెట్టుకున్నాడు, గది పోయింది, ఇంటికి డబ్బు ఆగి చెల్లెలు బడి మానేసింది. బయటికొచ్చాక ఎవరూ పనివ్వలేదు, జైల్లో పరిచయమైనవాళ్లే దిక్కయ్యారు, తర్వాత ఇంకో కేసు. వాడి బుద్ధే అంత అన్నారు జనం, నాకు మాత్రం ఆ లేని పన్ను రసీదే గుర్తొస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1978లో మోతీరాం కేసులో ఒక తాపీమేస్త్రికి 10,000 రూపాయల ష్యూరిటీ అడిగారు, అన్నయ్య ఆస్తి వేరే జిల్లాలో ఉందని అదీ ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ గారు దాన్ని తప్పుపడుతూ, మన ఆంధ్రావాడు ఎక్కడో బస్తర్లోనో పోర్ట్ బ్లెయిర్లోనో అరెస్టయితే అక్కడ ఆస్తున్న జామీనుదారుని ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు. మన బిడ్డల గురించే ఆయన అడిగింది. అలాంటిది 2023 జనవరిలో కూడా లోకల్ ష్యూరిటీ కండిషన్ పెట్టకుండా ఉండమని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సొచ్చింది, నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టే తనంతట తాను షరతులు సడలించే విషయం చూడొచ్చని కూడా అంది.

2022 చివరికి దేశం జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 479 సెక్షన్లో ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లకి, ఉరీ యావజ్జీవం లేని కేసుల్లో, గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిపితే విడుదల అన్నారు, మంచిదే, కానీ జీవితం పక్కదారి పట్టేది ఆ మొదటి వారం పదిరోజుల్లోనే కదా. రిమాండ్ రోజే లీగల్ ఎయిడ్ వకీలు పక్కన నిలబడి, ఈ మనిషికి ఇక్కడ ఎవరున్నారు, సొంత పూచీకత్తు సరిపోతుందా అని అడిగితే ఆ సెంట్రింగ్ కుర్రాడి బతుకు వేరేలా ఉండేది.

బెయిలొచ్చి 7 రోజులైనా విడుదల కానివాళ్ల సంగతి జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవా సంస్థకి తెలపాలని కూడా 2023లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో ఒక్కో జైల్లో అలాంటివాళ్లు ఎంతమందో మీ జిల్లా విలేకరులు అడిగి ప్రతి నెలా పేపర్లో వేయండి సార్.

ఇట్లు,
కోర్టు దగ్గర టైపు చేసిన ఒక పాఠకుడు