నీ చిన్న ల్యాప్‌టాప్ లేచింది బిడ్డా

హన్మకొండ,
నవంబర్ 2025

బిడ్డా స్వప్నా,

మంచిగున్నవా? ఇక్కడ మేమంత మంచిగనే ఉన్నం. మీ అమ్మ మోకాలు ఎప్పటి లెక్కనే. చలి మొదలైంది, పొద్దుగాల భద్రకాళి చెరువు కట్ట మీదికి పోతే చెవులకు గుడ్డ కట్టుకోవాల్సొస్తున్నది. బెంగుళూర్ల ఇంకా ఎక్కువుంటదంటరు. ఆ నీలం స్వెటర్ తీసినవా, ఇంకా సూట్‌కేసులనే ఉన్నదా?

నువ్వు ఫోను ఎత్తుత లేవని రాస్తలేను. పనిల ఉంటవు, నాకు తెల్వదా. ఉత్తగనే, ఒక ముచ్చట చెప్దామని. నీ బీటెక్ అప్పటి ల్యాప్‌టాప్ లేదా, నల్లది, పది అంగుళాలది, 2011ల కొన్నది, అది లేచింది.

అటక మీద పాత కుక్కర్ డబ్బల ఉండె. దసరకు ఇల్లు సాఫ్ చేసినప్పుడు దింపిన. నువ్వు వస్తవేమోనని ఆ గది సున్నం సుత ఏపిచ్చిన, రాలేదు, సరే తియ్. స్విచ్ ఏస్తే విండోస్ సగం దాక వచ్చి నల్ల తెర మీద ఆగిపోతున్నది. పైన కిరాయికుండే పాలిటెక్నిక్ పిలగాడు చూసి, "అంకుల్, విండోస్ పాడైంది గని మిషన్ మంచిగనే ఉన్నది, పెన్‌డ్రైవ్‌ల లినక్స్ పెట్టి లైవ్‌గ నడుపుదాం" అన్నడు. లినక్స్ అంటే విండోస్ లెక్కనే మిషన్‌ను నడిపేదట, డిస్క్ మీద ఏం ఎక్కియ్యకుంటనే నడుస్తదట. నాకు నమ్మబుద్ధి కాలే. గని ఆలోచిస్తే మాకు తెల్వని పని కాదు. ఆర్టీసీల రాత్రి డ్యూటీల బ్యాటరీ దిగిన బండిని ఏం చేస్తుంటిమి? పక్క బండి బ్యాటరీకెంచి వైర్లు తగిలిచ్చి లేపుతుంటిమి. ఇంజన్ ఈ బండిదే, లేపేది పక్క బండి. ఇది సుత గంతే. పెన్‌డ్రైవ్‌ల ఉన్న లినక్స్ వచ్చి ర్యామ్‌ల, అంటే మిషన్ ఆరితే ఖాళీ అయ్యే జ్ఞాపకంల, కూసుంటది, ప్రాసెసరు, తెర, కీబోర్డు అన్నీ నీవే వాడుకుంటది, నువ్వు చెప్తే తప్ప డిస్క్‌ను ముట్టది. ఆర్పి పెన్‌డ్రైవ్ గుంజేస్తే ఎన్నడూ రానట్టే.

మొన్న జనగామల సుజాత కొడుకు పెండ్లికి పోయినం. బగార మంచిగ చేసిండ్రు. మీ సిద్దిపేట అత్తమ్మ నా పక్కకు కుర్సీ గుంజుకొని కూసొని, "బెంగుళూర్ల కంపెనీలు మందిని తీసేస్తున్నయట గదా అన్నా, మన స్వప్నది ఎట్లున్నది?" అన్నది. మంచిగనే ఉన్నదన్న. "అట్లనా" అన్నది. ఆ "అట్లనా" నాకు నచ్చలే. ఆమె నోట్ల నువ్వుగింజ నానదని నీకు ఎరుకే. ఇడిసిపెట్టు.

ల్యాప్‌టాప్ ముచ్చటకొస్త. పిలగాడు ఫస్టు ఉబుంటు అనే లినక్స్ దించిండు. ఆరు జీబీ దాక ఉన్నది, అరువై నాలుగు బిట్ల, అంటే కొత్త తరం మిషన్లకు. నీ దాంట్ల ర్యాము ఒక్క జీబీ. ఎడ్లబండికి లారీ లోడు ఎత్తినట్టైంది. అరగంట చుక్కలు తిరుగుడే తిరుగుడు. అప్పుడు యాంటిక్స్ అని ఇంకోటి దొరకబట్టిండు, డెబియన్ అనే ఇంకో లినక్స్ మీద కట్టిందట, పాత మిషన్లకు ముప్పై రెండు బిట్లది సుత ఉన్నది, రెండు జీబీ సుత లేదు. పెద్ద పెద్దోళ్లంత ముప్పై రెండు బిట్లను ఇడిసిపెడుతున్నరట, ఈ ఏడు వచ్చిన డెబియన్ 13ల దానికి ఇన్‌స్టాలరే లేదట. పాత మిషన్లున్నోళ్లను అడిగేటోడు లేడు. మొన్న అక్టోబర్ 14 నాడు విండోస్ 10కి సుత సపోర్టు ఆపేసిండ్రు గదా. చౌరస్త కాడ జిరాక్స్ షాపాయన అదే ఏడుపు.

ఇగ నేను చేసిన ఘనకార్యం విను, మీ అమ్మ చెప్పక ముందే చెప్త. దించిన ఫైలును పెన్‌డ్రైవ్‌ల వేసుడు వేరు, రాసుడు వేరు. ఉత్తగ కాపీ కొడితే మిషన్ దాంతోని లేవదు, ఆ ఫైలును (ఐఎస్ఓ అంటరు) రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తోని రాయాలె. పిలగాడు కాలేజీకి పోతూ తన ల్యాప్‌టాప్ నా చేతిల పెట్టి ఎట్ల రాయాలెనో చూపిచ్చి పోయిండు. నాకు ఆగలే. టీవీ ఎనుక స్పీకర్ డబ్బకు ఎప్పటికీ పెట్టి ఉండే పెన్‌డ్రైవ్ కండ్ల పడ్డది. పదహారు జీబీ, సరిపోతది. పెట్టిన. "ఇండ్ల ఉన్నదంత పోతది" అని రూఫస్ అడిగింది. అడుగుతది. ఓకే కొట్టిన.

అండ్ల మీ అమ్మ బతుకమ్మ పాటలున్నయి బిడ్డా. వెయ్యి స్తంభాల గుడి కాడ ఎంగిలిపూల నాడు మీ అమ్మ, ఎల్లక్క, పోచమ్మ అత్త పాడినయి, నువ్వు ఫోన్ల పట్టినయి. పోచమ్మ అత్త గొంతు ఇగ ఎక్కడున్నది? మీ అమ్మ తిట్టలే. తిడితే మంచిగుండు. రెండు దినాలు ఉలుకు లేదు పలుకు లేదు. పచ్చిపులుసుల ఉప్పేసుడు మరిచిందో, కావాల్నని మరిచిందో. అడిగే ధైర్యం నాకు లేదు, సప్పగనే తిన్న. మూడో నాడు ల్యాప్‌టాప్‌కు ఆ పెన్‌డ్రైవ్ పెట్టి, ఎఫ్2 కొట్టి సెటప్‌ల పోయి, ఎఫ్12 మెనూ ఎనేబుల్ చేసి, మళ్ల స్విచ్ ఏసి ఎఫ్12 కొట్టిన. రెండు మూడు నిమిషాలకు తెర వచ్చింది. పేరు డెమో, పాస్‌వర్డ్ సుత డెమోనే. మూలకు అంకెలు కనవడ్తయి, ర్యాము రెండు వందల ఎంబీ చుట్టే వాడుతున్నది. ఫైళ్ల డబ్బ తెరిస్తే ఎడమ పక్కన నీ పాత డిస్క్ కనవడ్డది. నొక్కిన. నీ ఫోల్డర్లన్నీ ఉన్నయి! విండోస్ మంచిగ ఆరిపోలేదు గాబట్టి చదువుడే గని రాయనియ్యలే, మనకు చదివితే చాలు. అండ్ల "అమ్మ పాటలు" అని ఒకటి, పద్నాలుగు పాటలు. నువ్వే దాచినవు. ఇంకో పెన్‌డ్రైవ్‌లకు తీసి స్పీకర్‌కు పెట్టిన. వంటింట్ల గిన్నెల సప్పుడు ఆగింది. ఆనాడు పులుసుల ఉప్పు సరింగున్నది.

దాని పక్కనే నీ పేరుతోని ఇంకో ఫోల్డర్ ఉన్నది. తెరవలే. ఒట్టు.

గని చూసినవా, విండోస్‌కు నువ్వు పెట్టిన పాస్‌వర్డ్ దీనికి అడ్డమే రాలే. ఎవడన్న పెన్‌డ్రైవ్ పెట్టి లేపితే డిస్క్ అంత వాకిలే. డిస్క్‌ల ఉన్నదాన్ని రహస్య లిపిల దాచే ఎన్‌క్రిప్షన్ ఉంటేనే తాళమున్నట్టు. నీ చేతిల ఉన్నదానికి ఏసినవా? అది కంపెనీదే గదా, వాళ్లే ఏసి ఇస్తరు. కంపెనీది కంపెనీదే, ఎన్నడన్న తిరిగి ఇయ్యాల్సిందే. ఇచ్చినవని అంటలేను. నీ సొంతయి, సర్టిఫికెట్లు, పాత జీతం కాయిదాలు, ఫోటోలు, అండ్ల పెట్టకు అని చెప్తున్న. నీది నీ దగ్గర ఉండాలె. ఇది నేను నీకు కొలువు కాంగనే చెప్పిన, నువ్వు "సరే బాపు" అన్నవు. నీ సరేలు నాకు తెల్వయా. నెలకు ఒక్కసారన్న ఇంకో దాంట్లకు తీసి పెట్టుకోవాలె. అమ్మ పాటలు ఎట్ల పోయినయో చూసినవు గదా. నేను చెప్తే పాఠం లెక్కుంటది, గని బండి ఆగినంక స్టెప్నీ ఎతికేటోన్ని ఎవడన్న డ్రైవరంటడా?

మన పాత గొడవ ఒకటి యాదికొచ్చింది. అది విండోస్ 7ల స్టార్టర్ రకం, అండ్ల గోడబొమ్మ మార్చనియ్యకపోతుండె. ఎంత లొల్లి పెట్టినవు అప్పుడు, పైసలు పెట్టి కొంటే బొమ్మ మార్చనియ్యడేంది అని. ఇండ్ల మారుతున్నది. లక్నవరం వంతెన మీద నువ్వు అమ్మ కొంగు పట్టుకున్న ఫోటో పెట్టిన. పొద్దుగాలకు పోయింది. ఇంకోటి, తెర కురచ, ఆరు వందల గీతలే గదా, కొన్ని డబ్బల ఓకే బటను తెర కిందికి పోతుండె. ఆల్ట్ నొక్కి పట్టి మౌసుతోని డబ్బను పైకి జరుపాలెనని తెల్వక నేను వారం దినాలు గుడ్డి నొక్కుడు నొక్కిన. యూట్యూబు పెడితే దమ్ము పడ్తది, అది ఒప్పుకోవాలె. ఉత్తరాలకు, రెజ్యూమేలకు, మెయిళ్లకు మంచిగ సరిపోతది.

తెలుగు ఫస్టు డబ్బలు డబ్బలుగ కనవడ్డది. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అని ఒక ప్యాకేజీ ఉన్నది, అది దించితే పోతన, వేమన రెండూ వస్తయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన ఫాంట్లు. నేను పోతననే పెట్టుకున్న, బమ్మెర మనకు పక్కనే గదా. టైపు కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతి, అండ్ల అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. స్పానర్ పట్టిన వేళ్లకు అలవాటు కావాల్నంటే పది దినాలు పట్టింది.

నిజం చెప్తున్న, ఇది రెండో ఉత్తరం. ఫస్టు దాన్ని పోయిన మంగళారం రాత్రి కూసొని రాసిన. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఎప్పుడో సచ్చింది, వైరు మీదనే నడుస్తది. రెండు పేజీలైంది. మీ అమ్మ పాల గిలాస పెట్టవోయి వైరుకు కాలు తగిలిచ్చింది, టప్పున ఆరింది. సేవ్ చేసిననే గని ఎక్కడికి? అంత ర్యామ్‌లనే ఉండె. ఫాంట్లు, గోడబొమ్మ, ఉత్తరం, ఒక్కటి మిగల్లే. పర్సిస్టెన్స్ అని ఒకటి పెట్టుకోవాలెనట, పెన్‌డ్రైవ్ మీదనే కొంత జాగ తీసి దాచుకుంటది. ఇప్పుడు పెట్టుకున్న.

ఆ ఉత్తరంల నేను సీద అడిగిన. కొంచెం గట్టిగనే అడిగిన. పోయింది గాబట్టి పోయింది. మీ అమ్మను తిట్టలే.

ఈ లినక్స్ మొదలువెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 1991ల ఇరవై ఒక్కేండ్ల పిలగాడు, హెల్సింకిల సదువుకుంటుండె. ఉత్త సరదాకు చేస్తున్న, పెద్దగేం కాదు అని రాసిండట. కొలువా, గిలువా అప్పుడు. పిలగాడు చెప్పిండు, నీకు చెప్పాలనిపిచ్చింది. నేను సుత 2019 ఆర్టీసీ సమ్మెల 52 దినాలు ఇంట్లనే కూసున్న గదా. పొయ్యి ఆగిందా? నువ్వు పంపిన పైసలు మీ అమ్మ ముట్టలే సుత. పోస్టాఫీసుల ఆర్డీ కట్టింది, నీ పేరు మీద. పోయినేడే గడువైంది, పాసుబుక్కు బీరువల ఉన్నది. తియ్యాల్నంటే నీ సంతకం కావాలె. వచ్చినప్పుడు చూద్దాం. జనవరి నెలాఖరుకు మేడారం జాతర, మొక్కు పెట్టింది మీ అమ్మ, నీ ఎత్తు బంగారం, అదే బెల్లం, ఇస్తనని. బరువు తగ్గకు అని చెప్పమన్నది.

పిలగాని మేనబావ ఆదివారం బెంగుళూరు వస్తున్నడు. ల్యాప్‌టాప్ ఆయనతోని పంపుతున్న. నాకు దానితోని ఏం పని, నీ దగ్గరుంటే ఎప్పుడన్న అవసరం పడ్తది. సంచిల సకినాలు సుత ఉన్నయి, ల్యాప్‌టాప్ మీద పెట్టకు, నూనె కారుతది. పెన్‌డ్రైవ్‌కు ఎర్ర దారం కట్టిన, అదే లినక్స్‌ది, ఫార్మాట్ కొట్టేవు. తెర మీద ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ ఉంటది, దాన్ని నొక్కి డిస్క్ మీద ఎక్కియ్యొచ్చు, ఇంకా జోరుగ నడుస్తదట. నేను నొక్కలే. పాతయన్నీ చెరిగిపోతయి, అవి నీవి. ఉంచాల్నో తీయాల్నో నువ్వే చెప్పాలె. రాత్రి తొమ్మిదింటి దాక మేల్కొనే ఉంట, పది దాటినా ఏం కాదు.

వైరు పెట్టే కాడ వదులున్నది, కాయిదం మడిచి ఇరికిచ్చిన. తియ్యకు.

నీ బాపు