2024 వార్షిక నివేదిక: అతిథి పాస్టర్ గారితో ఒక శుక్రవారం

ప్రియ సభ్యులకు ప్రభువు నామమున వందనములు.

కువైట్‌లోని మన తెలుగు క్రైస్తవ సహవాసం 2024లో జరిపిన కార్యక్రమాల నివేదికను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాము. శుక్రవారపు ఆరాధనలు, ఉపవాస ప్రార్థనలు, క్రిస్మస్ కూడిక దేవుని కృప వలన ఆటంకం లేకుండా సాగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. నవంబరులో కోనసీమ నుండి వచ్చిన పాస్టర్ గారి సందర్శన గురించి మాత్రం కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

ఆ సందర్శనకు కారణం జూన్‌లోనే ఏర్పడింది. జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు నివసించే భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ఆ తరువాత జరిగిన ప్రార్థన కూడికలో పలువురు సభ్యులు లేచి, ఈసారి పెద్ద సువార్త సభలు పెట్టే ప్రసంగీకులను పిలవవద్దని, మన పక్కన కూర్చుని మన మాట వినే దైవసేవకుడిని పిలిపించాలని కోరారు. ఆ కోరిక సరైనదేనని కార్యవర్గం అప్పుడే అంగీకరించింది.

పాస్టర్ గారి శుక్రవారం తెల్లవారకముందే మొదలైంది. కువైట్ సిటీలోని ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో అనేక భాషల సంఘాలు ఒకే హాళ్లను వంతులవారీగా వాడుకుంటాయి గనుక మనకిచ్చిన సమయం నిమిషం కూడా దాటకూడదు. ఈ దేశ నియమాలను అనుసరించి ఆరాధన, కరపత్రాల పంపకం ప్రాంగణం లోపలే జరగాలని పాస్టర్ గారికి ముందుగానే తెలియజేశాము, ఆయన దానిని గౌరవించారు. ఆ ప్రాంగణపు చరిత్రను ఆయన ప్రసంగంలో ప్రస్తావించిన తీరు చాలామందిని కదిలించింది. అమెరికా మిషనరీ సంస్థ అయిన అరేబియన్ మిషన్ తరఫున 1912లో కువైట్‌కు వచ్చిన డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ ఇక్కడి స్త్రీలకు వైద్యం చేశారని, అంతకు చాలా ముందే, 1836లో, బౌడెన్, బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుండి ఓడలో బయలుదేరి వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సేవ చేశాయని చెబుతూ, ఇల్లు విడిచి వచ్చినవారి ద్వారానే తమ ఊరికి వాక్యం చేరిందని ఆయన గుర్తుచేశారు. ఇల్లు విడిచి వచ్చి వింటున్న సంఘానికి ఆ మాట వేరుగా వివరించనక్కరలేకపోయింది.

ఆరాధన తరువాత డ్రైవర్లుగా పనిచేసే సోదరులు వండిన అన్నం, పప్పుచారు, కోడికూరతో భోజనాలు జరిగాయి. మధ్యాహ్నం మరొక ప్రసంగం ఉండవలసింది. పాస్టర్ గారు దానిని మానేసి, హాలు వెనుక వరండాలో రెండు కుర్చీలు వేయించుకుని, ఒక్కొక్కరితో మాట్లాడారు. ఇళ్లలో పనిచేసే మన సోదరీమణులకు 2015 నాటి కువైట్ 68వ నంబరు చట్టం వారానికి ఒక రోజు సెలవు ఇచ్చినప్పటికీ, కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) అనుమతి లేనిదే గడప దాటలేనివారు మనలో ఎందరో ఉన్నారు. కడప జిల్లా నుండి వచ్చిన ఒక సోదరికి ఆ రోజు దొరికింది గంటే. ఆమె తన కష్టం గురించి ఏమీ అడగలేదు. "అయ్యగారూ, మీరు ఊరెళ్లాక మా అమ్మను ఒక్కసారి చూసి రండి, ఫోన్‌లో బాగానే ఉన్నానంటుంది, నాకు నమ్మకం లేదు" అని మాత్రం అన్నది. పాస్టర్ గారు రూళ్ల నోటుపుస్తకం తీసి ఊరి పేరు, వీధి, వాటర్ ట్యాంకు పక్క సందులో నీలం తలుపు ఇల్లు అన్న గుర్తుతో సహా రాసుకున్నారు. ఆమె వెనుక నిలబడినవారు కూడా అదే కోరడంతో సాయంత్రానికి పేజీలు నిండాయి.

సాయంత్రం మహబూలాలో సోదరుల గదులను సందర్శించి ప్రార్థించారు. రాత్రి, వంటిల్లు సర్దుకున్నాక గానీ ఫోన్ పట్టుకునే వీలులేని సోదరీమణులతో చాలా పొద్దుపోయేవరకు మాట్లాడారు. వారిలో కొందరు స్వరం వినబడుతుందన్న భయంతో మాట్లాడకుండా ప్రార్థన మాత్రమే విన్నారు.

ఇండియా చేరిన తరువాత పాస్టర్ గారు కోనసీమలోని కుటుంబాలను స్వయంగా కలిశారు. రాజంపేట, రాయచోటి వైపు ఇళ్లకు అక్కడి పరిచయస్తులైన సేవకులను పంపించారు. నీలం తలుపు ఇంటి తల్లి కంటిచూపు బాగా మందగించిందని తెలిసి, ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లే ఏర్పాటు చేశారు. ఆ సంగతిని కుమార్తెకు దాచకుండా చెప్పారు. దాచకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఈ అనుభవం దృష్ట్యా, 2025లో అతిథి సేవకులకు పగలు ఒకే ప్రసంగం ఉంచి, మిగిలిన సమయమంతా వ్యక్తిగత సంభాషణకు కేటాయించాలని, కుటుంబాల సందర్శనకు అయ్యే ప్రయాణ ఖర్చులను కానుకల నిధి నుండి భరించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. ఈ సందర్భంలో తేలిన మరొక విషయం కూడా ఉంది. విదేశాలలో పనిచేసే కార్మికుల కోసం భారత ప్రభుత్వం ఏర్పాటు చేసిన 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తమకు ఉన్నదో లేదో, దాని గడువు ఎప్పుడు ముగుస్తుందో చాలామందికి తెలియదు. సభ్యులు తమ పాలసీ కాగితాలను వచ్చే శుక్రవారాలలో వెంట తెచ్చుకుంటే కార్యదర్శి పరిశీలించి చెప్పగలరు. పై ప్రతిపాదనపై సర్వసభ్య సమావేశంలో చర్చించి ఓటు వేయవలసిందిగా కోరుతున్నాము. సమావేశానికి రాలేని సోదరీమణులు తమ అభిప్రాయాన్ని ఫోన్ ద్వారా తెలిపినా దానిని ఓటుగానే నమోదు చేస్తాము.