మూడు కణాలూ తగ్గితే డెంగీ అనుకుని ఊరుకోవద్దు

సంపాదకులకు,

వానలు పడగానే విశాఖలో ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతివారికీ డెంగీ అనీ, పాలిపోయిన ప్రతి ఆడపిల్లకూ ఐరన్ లోపమనీ తేల్చేయడం పరిపాటి అయింది. చాలాసార్లు అది నిజమే. అయితే డెంగీలో తగ్గిన తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు సుమారు పది రోజుల్లో పుంజుకుంటాయి, ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ సాధారణంగా పడిపోదు. మూడూ కలిసి తగ్గి, వారాలు గడిచినా కోలుకోకపోతే ఎముక మజ్జను అనుమానించాలి. అలాంటి జబ్బుల్లో అరుదైనదీ, ఆలస్యం చేస్తే ప్రాణాంతకమైనదీ ఎప్లాస్టిక్ ఎనీమియా.

ఇది రక్త క్యాన్సర్ కాదు. మజ్జలో రక్తకణాలను పుట్టించే మూలకణాలు నశించి, ఆ చోటంతా కొవ్వు నిండుతుంది. పుట్టుకతో వచ్చే రకాలను మినహాయిస్తే, ఎక్కువమందిలో మనల్ని కాపాడవలసిన టి-లింఫోసైట్లనే తెల్లకణాలే ఆ మూలకణాలపై దాడి చేస్తాయి. ఆ దాడి ఎందుకు మొదలైందో చాలామందిలో తేలనే తేలదు. తెలిసిన కారణాల్లో ఇంధనాలు, ద్రావకాల్లో ఉండే బెంజీన్, రేడియేషన్, మూర్ఛకు ఇచ్చే కార్బమజెపీన్ వంటి కొన్ని మందులు ఉన్నాయి. కామెర్లు తగ్గిన రెండు మూడు నెలలకు, సాధారణ హెపటైటిస్ వైరస్‌లేవీ పరీక్షల్లో దొరకకపోయినా, మజ్జ దెబ్బతినవచ్చు. ఒకప్పుడు టైఫాయిడ్‌కు విరివిగా ఇచ్చిన క్లోరాంఫెనికాల్ వల్ల ఈ ప్రమాదం సుమారు 20 వేల నుంచి 40 వేల మందిలో ఒకరికే అయినా, మందు ఆపిన కొన్ని నెలలకు సైతం బయటపడగలదు కనుక, "ఇప్పుడేమీ వాడటం లేదండీ" అన్న జవాబుతో విచారణ ముగించకూడదు. ఇంధనాలు, ద్రావకాల మధ్య పనిచేసేవారు ఇంతమంది ఉన్న ఊళ్లో రోగి వృత్తి ఏమిటని అడగని డాక్టర్లు ఉండటం నాకు ఆశ్చర్యమే.

మెట్లెక్కితే ఆయాసం, చిగుళ్ల నుంచి రక్తం, కాళ్లపై సూదిమొనల్లాంటి ఎర్రచుక్కలు, నెలసరిలో అతి రక్తస్రావం, నోటిపూతతో విడవని జ్వరం దీని లక్షణాలు. ప్లీహం, లింఫు గ్రంథులు సాధారణంగా వాచవు. వాచితే వేరే జబ్బు వెతకాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించే బి12 లోపంలోనూ మూడు కణాలూ తగ్గుతాయి కనుక దాన్ని ముందు చూసి, అదీ కాకపోతే మజ్జ ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేయించాలి. మజ్జ బాగా ఎండిపోయి, మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 లోపు, ప్లేట్‌లెట్లు 20 వేల లోపు ఉంటే అది తీవ్ర దశే.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ప్రేమకొద్దీ రక్తమివ్వడానికి ముందుకొస్తారు. కానీ ఈ జబ్బుకు చేసే చికిత్సల్లో ఒకటైన మజ్జ మార్పిడి ఆలోచన ఉన్న రోగికి రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు. తర్వాత వారి మజ్జనే శరీరం తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. ఈ సంగతి ముందే చెప్పే ఆసుపత్రులు పెరగాలి. అలాగే మూడు కణాలూ తగ్గిన ప్రతి నివేదికపై రక్తపు స్మియర్ (గాజుపలకపై రక్తపు చుక్కను పరిచి సూక్ష్మదర్శినిలో చూడటం), రెటిక్యులోసైట్ల (కొత్తగా పుట్టిన ఎర్రకణాల) లెక్క అవసరమని నగరంలోని ల్యాబులు రాసి పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత పాథాలజీ అధ్యాపకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం